సుత్తి దించమన్నాను

ఈ రోజు చింతామణిలో నా కారుకు కొత్త అల్లాయ్ చక్రాలు వేయించబోయాను. బిగించి స్టీరింగ్ తిప్పగానే ముందు టైరు దాని పైనుండే ఫెండర్ రేకు అంచుకు గరగరమని రాసుకుంది. షాపాయన సుత్తి అందుకున్నాడు.

"అంచు లోపలికి కొడితే సరిపోతాదమ్మా. అందరూ ఇట్లే చేయించుకుంటాండారు."

"ఇంటిల్లిపాదీ కూర్చుంటే బండి ఇంకా కిందికి దిగుతాది కదప్పా. గుంతలో పడి ఆ అంచుకే టైరు కోసుకుంటే?"

"అంత భయమైతే కారెందుకమ్మా?"

"భయపడేదాన్నైతే నీ మాటకు తలూపి పోయుందును. సుత్తి దించు, పాతవే బిగించు."

ప్రతి నట్టూ బిగించేదాకా పక్కనే నిలబడి, పాత చక్రాలతోనే బాగేపల్లికి తిరిగొచ్చాను. మా ఆయన చూసి నవ్వాడు. నవ్వనీ! కొలత కుదిరే చక్రాలు దొరికేదాకా నా బండి ఇలాగే తిరుగుతుంది. మీరైతే ఆ దెబ్బ పడనిచ్చేవారా?