చీటీ లేని తాడు

మ్యూజియంలో ఆ తాడు దగ్గరికి రాగానే కాంపౌండర్ తాత ఎందుకు కూర్చునేవారో నాకు చాలాకాలం తెలియలేదు. మోకాళ్ల నొప్పులనుకున్నాను.

రాయదుర్గంలో ప్రథమచికిత్స చరిత్ర చూపే ఆ రెండు గదుల మ్యూజియాన్ని రిటైరయ్యాక ఆయనే చూసుకునేవారు. స్ట్రెచరు, పాత మందుపెట్టెలు, అన్నింటికీ చీటీలుండేవి. తాడుకు లేదు.

ఓసారి నేను చూపించడానికి తీసుకెళ్లిన నా బడిపిల్లల్లో ఒకమ్మాయి అడిగేసింది. "ఇదేంది తాతా?"

"శెనక్కాయ చేన్లో మా తమ్మున్ని పాము కరిచింది. గట్టిగా కట్టమనే అప్పుడు మాకు నేర్పినారు. ఈ తాడుతోనే కట్టినా. ఎద్దులబండిలో ఆస్పత్రికి చేరేసరికి కాలు నల్లబడిపోయినాది. తీసేసినారు."

"ప్రాణం దక్కింది గదా తాతా?"

ఆయన కండువాతో తాడు మీది దుమ్ము తుడిచారు. "చంపిన పామును గూడా తీసుకపోయింటిమి. డాక్టరు చూసి, దీనికి విషమే లేదన్నాడమ్మా. కాలు తీసింది నా ముడే. మీరు మాత్రం కట్టొద్దు. కదలనీకుండా పండబెట్టి తీసుకపోండి."

ఇంతలో చంకకర్ర ఊతంగా ఒక ముసలాయన క్యారియర్‌తో గుమ్మంలోకి వచ్చాడు. పిల్లలంతా ఆయన కాలి వైపు చూశారు.

"తాడు కత అయిపాయనా అన్నా? సంగటి చల్లగయితాండాది," అన్నాడాయన.