మూడో వరుస కుర్చీ

నా సడ్డకుడంటే నాకు కుళ్లు. ఈ మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది కాబట్టి ముందే రాసేస్తున్నాను. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. వయసులో నాకంటే ఆరేళ్లు చిన్న, పొలంలో నాకంటే రెండెకరాలు తక్కువ, చదువులో రెండు తరగతులు వెనక. అయినా అత్తగారింటికి పోతే మటన్ గిన్నె ముందుగా అతని పళ్లెం దగ్గరికే పోయేది. "చిన్నల్లుడు ఊర్లు తిరుగుతడు, బాగ అలిసిపోతడు" అనేది మా అత్త వడ్డిస్తూ. నేనేమో పొద్దంతా చేనులో వంగి ఉండేవాణ్ణి. ఎక్కడికీ తిరగను కాబట్టి నాకు అలుపు లేదన్నమాట! గిన్నె నా దాకా వచ్చేసరికి మిగిలేవి బొక్కలు. వాటిని కిమ్మనకుండా కొరికేవాణ్ణి.

అతను తిరిగేది కంపెనీ పని మీద. మా ధరూర్ వైపు చాలామందిమి సీడ్ పత్తి పండిస్తాం. అంటే బట్టకు పోయే పత్తి కాదు, వచ్చే ఏడు ఎక్కడెక్కడి రైతులో నాటుకునే విత్తనం. కంపెనీ హైదరాబాదులో ఉంటుంది, మేం ఇక్కడుంటాం, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం తెచ్చిచ్చేదీ, పెట్టుబడి సర్దేదీ, పండింది కంపెనీకి పంపేదీ అతనే. నా సడ్డకుడు ఆర్గనైజర్, తన చేనులోనూ ఇదే పంట వేస్తాడు. నేను అతని కింది రైతుల్లో ఒకణ్ణి. ఇంట్లో పెద్దల్లుణ్ణి, కంపెనీ గేటు దాటితే అతని మనిషిని.

ఈ పంటంతా చేతి పని. ఆడ చెట్ల సాళ్లు వేరు, మగ చెట్ల సాళ్లు వేరు. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గను ఈరోజు మధ్యాహ్నమే గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఒక్క మధ్యాహ్నం గిల్లకపోతే ఆ మొగ్గలు తెల్లారి వాటంతట అవే విచ్చుకుని, తమ పుప్పొడితోనే కాయ కట్టేస్తాయి. అలాంటి పువ్వు కనిపిస్తే అక్కడికక్కడే తెంపి పారేయాలి. తెంపకపోతే దాని గింజ మంచి గింజలో కలుస్తుంది. కంపెనీ వాళ్లు మన విత్తనంలో నమూనా తీసుకెళ్లి నాటి చూస్తారు. కల్తీ మొక్క తేలిందా, మొత్తం కుప్ప ఫెయిల్. కొనరు. ఆ ఏడాది చాకిరంతా గంగపాలు.

అసెంబ్లీ ఎన్నికలొచ్చిన ఏడు మాకు వానలు ఆలస్యమయ్యాయి. విత్తడం వెనకబడి, క్రాసింగ్ సరిగ్గా ప్రచారం రోజుల మీద పడింది. అప్పుడే గద్వాల ఆఫీసులో కంపెనీ మేనేజర్ మీటింగ్ పెట్టాడు. ఆర్గనైజర్లకు మాత్రమే పిలుపు. నా సడ్డకుడు "నువ్వు గూడ రా అన్నా, ఊకె కూర్చుందువు" అంటే అతని కారులో వెనక సీట్లో కూర్చుని పోయాను. కారు కొత్తది. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. తీయకపోవడం కూడా నన్ను ఏడిపించడానికే అనిపించింది.

మేనేజర్ దాపరికం లేకుండానే చెప్పాడు. "పార్టీకి ఇచ్చే పెద్ద చందా పైన హైదరాబాద్‌ల ఇచ్చిండ్రు. అది మనకు తెల్వది, మనకు వద్దు. కింద మన పని గ్రౌండ్ నింపుడు. వనపర్తిల సభ ఉంది. బండ్లు, బిర్యానీ, కూలి అంత కంపెనీదే. మనుషులను మీరు తేవాలె."

"ఏ పార్టీ సార్?" అని ఎవరో అడిగారు.

"ఈసారి వీళ్లు. రేపు పార్లమెంట్ ఎలక్షన్లొస్తే అప్పుడు చూద్దాం. మనకు విత్తనం ముఖ్యం" అని నవ్వాడు. ఆ తర్వాత నా కొంప ముంచిన మాట అన్నాడు. "ఎవరు ఎక్కువ మందిని తెస్తే వాళ్లకు స్టేజీ మీద మూడో వరుసల కుర్చీ. క్యాండిడేటే స్వయంగ కండువ కప్పుతడు."

అందరూ నా సడ్డకుడి వైపు చూశారు. అతను ఆ కుర్చీ అప్పుడే తన ఇంటి వరండాలో వేసుకున్నట్టు ముసిముసిగా నవ్వాడు. నా ఒళ్లు భగ్గుమంది. "నేను గూడ తెస్త సార్" అన్నాను లేచి నిలబడి. మేనేజర్ కళ్లద్దాలు సర్దుకుని "మీరెవరు?" అన్నాడు. "మా అన్ననే సార్. మా రైతు" అన్నాడు సడ్డకుడు. మా రైతు! ఇంటికొచ్చే దాకా ఆ రెండు మాటలే నా చెవుల్లో గింగిరాలు తిరిగాయి.

నా చేనులో పది మంది ఆడవాళ్లు క్రాసింగ్ చేస్తున్నారు. వాళ్లకు పెద్ద దిక్కుగా ఒకామె ఉండేది. ఏళ్ల తరబడి మా ఊళ్లో ఆ గుంపును నడిపించేది ఆమే. సభ సంగతి చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతిలోని మగ పువ్వు కింద పడేసి నా మొహం చూసింది. "రేపు మధ్యాన్నం మేము పోతే మొగ్గలెవరు గిల్లుతరన్నా? ఎల్లుండికి చేనంత పూస్తది."

"ఒక్క పూటనే గదమ్మా. తెల్లారి వచ్చి విచ్చినయన్ని తెంపితే అయిపాయె."

"నీ చేను, నీ ఇష్టం" అంది ఆమె.

నా భార్య అంత మెత్తగా అనలేదు. "ఏందయ్యా, ఆ కుర్చీల కూర్చుంటే ఏమొస్తది నీకు? కూడొస్తదా? మా చెల్లె మొగుని మీద ఏడుపుతోని ఇంటి పంట తగలబెడ్తవా?" ఆ మాట నిజం కాబట్టే నాకు ఇంకా కోపమొచ్చింది. "ఆడదానివి, రాజకీయం నీకేం తెల్వదు" అన్నాను. రాజకీయం నాకు మాత్రం ఏం తెలుసు, నా మొహం!

నా పది మందే కాకుండా, క్రాసింగ్ అయిపోయిన ఇళ్ల నుంచి కూడా ఆడవాళ్లను బతిమాలి, కంపెనీ పంపిన రెండు డీసీఎం వ్యాన్లు కిక్కిరిసేటట్టు నింపాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను. డ్రైవరు పక్కన కూర్చుని వనపర్తి దాకా ఆ కుర్చీ గురించే ఆలోచించాను. ఫోటోలో ఎలా పడతాను, అత్త చూస్తుందా లేదా, మటన్ గిన్నె దారి మారుతుందా లేదా అని.

గ్రౌండు దగ్గర మేనేజర్ నిలబడి వచ్చిన బండ్లు చూస్తున్నాడు. బండ్ల అద్దాలకు కాగితాలు అంటించి ఉన్నాయి. ఎక్కేటప్పుడు నేను వాటిని చదవలేదు. రెండిటి మీదా నా సడ్డకుడి పేరే ఉంది. కంపెనీ పంపిన బండి కదా, ఆర్గనైజర్ పేరు మీదే వస్తుంది. మేనేజర్ ఆ పేరు చదివి, లోపల ఎందరున్నారో రాసుకుని, "శభాష్" అన్నాడు. ఆ పేరును, నన్ను కాదు.

"సార్, వీళ్లను తెచ్చింది నేను" అన్నాను.

"మంచిది, మంచిది. వాళ్లను జర లోపల కూర్చోబెట్టు" అన్నాడు.

కాసేపటికి నా సడ్డకుణ్ణి మైకులో పేరు పెట్టి పిలిచారు. నేను మెట్ల దాకా పోయాను. అక్కడున్న కుర్రాళ్లు "పాస్ ఉందా?" అన్నారు. తిరిగొచ్చి టెంటు కింద నా ఆడకూలీల మధ్య, నేల మీద, ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాను. క్యాండిడేట్ అతని మెడలో కండువా వేశాడు. అతను రెండు చేతులూ జోడించి వంగాడు. "అగో, మన చిన్నన్న!" అని నా వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదని కొట్టాను, ఆ అరచేతులతోనే అతన్ని కిందికి లాగాలని ఉండింది.

అప్పటిదాకా కంపెనీ పార్టీకి చందా ఇవ్వడమంటే హైదరాబాదులో ఎవరో ఎవరికో ఇచ్చుకునే చెక్కు అనుకునేవాణ్ణి. ఆ పూట తెలిసింది. ఆ చందాలో నా పది మంది కూలీలున్నారు, నా చేనులో గిల్లకుండా వదిలేసిన మొగ్గలున్నాయి. ఇచ్చింది నేను, పేరు కంపెనీది, కండువా సడ్డకుడిది.

తెల్లారి కూలీలు రాలేదు. రాత్రి ఇల్లు చేరేసరికే పొద్దుపోయింది, మధ్యాహ్నం దాటితే గానీ కదలలేమన్నారు. నా భార్య చీకటితోనే చేనుకు పోయింది. నేను మాత్రం బస్టాండు దగ్గర పేపరు కోసం నిలబడ్డాను. జిల్లా పేజీలో సభ ఫోటో ఉంది. మూడో వరుసలో నా సడ్డకుడి సగం మొహం కనిపిస్తోంది, మిగతా సగానికి ముందువాడి తల అడ్డం. ఆ సగం మొహాన్ని హోటల్లో కూర్చుని, రెండు చాయ్‌లు తాగుతూ చూశాను.

చేనుకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సీడ్ పత్తి చేనులో ఆడ సాళ్లలో విచ్చిన పువ్వు కనిపించకూడదు. నా చేను పసుపుపచ్చగా, పెళ్లింట్లా పూసి ఉంది. నా భార్య ఒక్కతే వంగి తెంపుతోంది. కొంగు నిండా పువ్వులు, వేళ్లకు జిగురు, మొహమంతా చెమట. "ఆ దిక్కు సాళ్లు మిగిలినయి. నా చేతులు ఆడుతలేవు. ఇగ నువ్వు తెంపు" అని గట్టు మీద కూలబడింది. తెంపాను. కూలీలొచ్చాక వాళ్లూ తెంపారు. కానీ అప్పటికే సగం పువ్వులు ముడుచుకుపోయి ఆకుల మాటున దాక్కున్నాయి. అన్నీ దొరకలేదని నాకు తెలుసు. రెండ్రోజుల తర్వాత కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి "అన్ని తెంపిండ్రా?" అంటే "తెంపినం సార్" అన్నాను. నా భార్య నా వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

ఎండాకాలం మొదట్లో ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో పేపర్లలో, ఫోన్లలో జాబితాలొచ్చాయి. అత్తగారింట్లో అందరం కూర్చున్నప్పుడు నా సడ్డకుడు ఫోన్ చూపించాడు. "చూడన్నా, మన కంపెనీ ఇద్దరికీ ఇచ్చింది!" సొంత జేబులోంచి తీసిచ్చినంత గర్వం. నాకు ఆ కంపెనీ మీద కూడా కడుపు మండింది. నేను ఒక్క కుర్చీ కోసం ఒక్క పార్టీ సభకు పోతే మా ఊళ్లో నెల రోజులు ఎగతాళి చేశారు. అది రెండు పార్టీలకూ పెట్టి, ఇద్దరి దగ్గరా మర్యాద పొందుతోంది. దాన్ని అడిగేవాడు లేడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అతను పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. ఫోన్ చేయకుండా మనిషే వచ్చాడంటే నాకు అర్థమైపోయింది.

"అన్నా, నీ విత్తనం ఫెయిల్ అయింది."

నేను గోడకు ఆనుకున్నాను. ఏడాది పోయింది. అయినా రాయక తప్పదు, ఆ క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన అది కాదు. ఇతనిదీ ఫెయిల్ అయ్యుంటుంది, అయ్యి తీరాలి అనుకున్నాను. ఆ ఆశతోనే నిలబడ్డాను.

"నీది?"

"పాస్."

"ఎట్లయితది? నువ్వు గూడ మీటింగ్‌కు మనుషులను తోలినవ్ గద!"

అతను బిత్తరపోయాడు. "క్రాసింగ్ కూలీలనా? పిచ్చా ఏంది అన్నా? నా చేన్ల వాళ్లు నా చేన్లనే ఉన్నరు. మీటింగ్‌కు అమరచింత దిక్కు పని లేక ఉన్నోళ్లను ఆటోలల్ల తెచ్చిన. నువ్వు గూడ గట్లనే తెచ్చినవనుకున్న."

అతని కళ్లలో ఎక్కడా మోసం లేదు. కాస్త మోసం ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక ఆసరా దొరికేది.

"మల్ల టెస్ట్ పెట్టియ్యరాదా తమ్మీ? కండువ కప్పినాయన గెలిచిండు గద. కంపెనీకి ఒక్క ఫోన్ చేపియ్యి."

"ఆయన కంపెనీకి ఫోన్ చేస్తడా అన్నా?" అన్నాడు మెల్లగా. "కంపెనీ ఫోన్ చేస్తే ఆయన ఎత్తుతడు."

నా భార్య చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విన్నది. ఏడవలేదు. ఆమెను చూసి, అతను ఏదో ఒకటి అనాలని అన్నాడు. "వచ్చే వారం నాగర్‌కర్నూల్‌ల సభ ఉంది, పార్లమెంట్ ఎలక్షన్లది. ఈసారి కంపెనీ ఆ పార్టీకి చేస్తుంది. మనుషులు కావాలంటుండ్రు. నీకు ఇప్పుడు చేన్ల పని గూడ లేదు..." అని, తనేమన్నాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

మెడ పట్టి బయటికి గెంటాల్సింది. గెంటాలనే నోరు తెరిచాను. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"బండి మీద ఈసారి నా పేరు రాపిస్తవా?"

నా భార్య తన చెల్లెలి మొగుడికి చాయ్ ఇచ్చింది. నాకోసం తెచ్చిన గ్లాసు అలాగే పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.