చూరుకు వేలాడిన డోలీ

మా ఊళ్లో ఒక పట్టింపు ఉంది. ఒంట్లో బాగాలేని మనిషిని డోలీ కట్టి రోడ్డుకు మోసుకెళితే, ఆ డోలీ ముడులు వేరేవాళ్లు విప్పకూడదు. ఆ మనిషి కోలుకుని, తన కాళ్ల మీద రోడ్డుదాకా నడిచి, అక్కడ తన చేత్తో విప్పుకోవాలి. మనిషి పోతే మాత్రం కత్తితో కోసేస్తారు. విప్పనూ లేదు, కోయనూ లేదంటే ఆ మనిషి ఎటూ కాకుండా ఉన్నట్టు లెక్క. నా డోలీ ఏడాదికి పైగా మా ఇంటి చూరుకు అలా వేలాడింది. గుమ్మం దాటినప్పుడల్లా అది నా కంట పడేది, నాకు ఒళ్లు మండేది.

మాది అరకు దగ్గర కొండల్లో చిన్న ఊరు. రోడ్డుకూ మాకూ మధ్య ఒక దిగుడు, ఒక గెడ్డ, మళ్లీ ఒక ఎక్కుడు. గెడ్డలో నీళ్ల మధ్య రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటాలి. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా రిటైరయ్యాక, అరకులోనే ఇల్లు తీసుకోమని అందరూ చెప్పారు. నేను వినలేదు. పుట్టింటివైపూ అత్తింటివైపూ కొండ మనుషులమే, మాకు నడక ఒక పనా అనుకున్నాను. టీచరమ్మ బయల్దేరితే దారిలో కోళ్లు కూడా తప్పుకుంటాయని ఊళ్లో ఒక మాట ఉండేది. పైకి కసిరేదాన్ని గానీ ఆ మాట నాకు చాలా ఇష్టం.

ఒక పొద్దున పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతుంటే గరిటె జారిపోయింది. తీద్దామంటే ఎడమ చెయ్యి కదల్లేదు. లేద్దామంటే ఎడమ కాలు నాది కానట్టు పడి ఉంది. నోరు తిరగలేదు. పక్కింట్లో ఉండే మా మరిది వచ్చి చూసి, నా దుప్పటిని వెదురుబొంగుకు ముడేశాడు. ఊరి మగవాళ్లు వంతులేసుకుని మోశారు. బొంగు ముందు కొస మాత్రం రోడ్డు వచ్చేదాకా అతని భుజం మీదే ఉంది. బేగి ఆసుపత్రికి చేర్చబట్టి ప్రాణం దక్కిందని విశాఖలో డాక్టరు చెప్పారు. మాట తొందరగానే తిరిగొచ్చింది, ఎడమ చేతికి కొంత పట్టు వచ్చింది. నడక రాలేదు. వెళ్లిన డోలీలోనే ఇంటికి తిరిగొచ్చాను.

సంతరోజున ఆరోగ్య కేంద్రం వరండాలో పక్షవాతం వచ్చినవాళ్లందరికీ కలిపి వ్యాయామం చేయిస్తున్నారని ఆశా కార్యకర్త చెప్పింది. పోవాలంటే మళ్లీ డోలీయే. ఇంటి నుంచి రోడ్డు మీద జీపుదాకా మా మరిదీ, ఇంకొందరూ మోసేవాళ్లు. కష్టం నాకంటే అతనికే ఎక్కువ, అయినా విసుక్కోకుండా నన్ను ఆటపట్టించేవాడు.

“ఏటి ఒదినా, రాణిగోరి సవారీ ఇంకెన్నాళ్లు? నా బుజం కాయకాసిపోతంది.”

“నోరు మూసుకుని నడువు,” అనేదాన్ని. దుప్పటిలో పడుకుని ఆకాశం చూస్తూ ఇంకేం అనగలను?

వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి మైదాన ప్రాంతం నుంచి వచ్చింది. వయసులో నా శిష్యురాళ్లకంటే చిన్నది. కుర్చీలు సర్దుతూ, వచ్చిన ప్రతి ఒక్కరినీ “ఎలా వచ్చారు?” అని అడిగేది. ఎవరెంత నడుస్తున్నారో తెలుసుకోవడానికి అడిగేదట. కాఫీ తోట ఉన్న ఒక తాత “కర్రట్టుకుని” అనేవాడు. సంతలో పసుపూ అల్లం అమ్మే ఆవిడ “మా కోడలి బుజమట్టుకుని” అనేది. నా వంతు వచ్చేసరికి నేల చూస్తూ “డోలీలో” అనేదాన్ని. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని, ఆ ఒక్క మాట పక్కవాళ్లకి కూడా వినబడకుండా అనేదాన్ని.

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మళ్లీ మెల్లగా కూర్చోవడం, కుర్చీ వీపు పట్టుకుని మడమలు పైకెత్తడం, సుద్దముక్కతో గీసిన గీత వెంట నడవడం. నర్సరీ పిల్లల చదువులా ఉండేది, చేయబోతే ఒళ్లంతా చెమటలు పట్టేవి.

“మేడం, బరువంతా కుడికాలి మీదే వేస్తున్నారు. ఎడమకాలిని కూడా నమ్మండి.”

“నమ్మడానికి అదేమైనా నాకు ఒట్టేసిందా?” అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు, కోప్పడలేదు. నా ఎడమ మోకాలి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చేయించింది. మొండితనంలో నాకు జోడీ దొరికిందని ఆ రోజే తెలిసింది.

ఒక వారం అందరినీ వరసగా నిలబెట్టి, పక్కవాళ్ల భుజం మీద చెయ్యి ఊరికే ఆనించి, పక్కకు అడుగులు వేయమంది. ఆ పిల్లకి తెలియనిది ఒకటుంది. మా కొండల్లో మనుషుల్ని వరసగా నిలబెడితే చేతులు భుజాల మీద ఆగవు, వీపుల వెనక పెనవేసుకుంటాయి. చిన్నప్పటి నుంచీ థింసా ఆడిన ఒళ్లు మావి. పసుపావిడ చెయ్యి నా నడుం చుట్టూ వచ్చింది, నాది తాత నడుం చుట్టూ వెళ్లింది. తాత నోటితో డప్పు దరువు మొదలెట్టాడు. వరస ఊగింది. పడిపోయిన కాళ్లు కూడా దరువుకి లేచాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అంతలో నా ఎడమ కాలు మడతపడింది. థింసా వరసలో ఒకరు తూలితే మిగతావాళ్లు వదలరు, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అది మా మర్యాద. అందరూ నన్ను గట్టిగా పట్టుకున్నారు. అందరం కలిసి కింద పరిచిన పరుపుల మీద కూలిపోయాం. ఫిజియో అమ్మాయి మొహం పాలిపోయింది. మాకేమో నవ్వు ఆగలేదు. ఒకరి కింద ఒకరం ఇరుక్కుని, ఎవరి కాలు ఎవరిదో తెలియక, కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వాం.

ఎవరికీ దెబ్బ తగల్లేదని చూసుకున్నాక ఆ పిల్ల ఒక మాట చెప్పింది. “పడేవాళ్లని పట్టుకోవడం నా పని. అందుకు నేనున్నాను. మీ పని ఎవరికి వాళ్లు నిలబడటం. పక్కవాళ్లు తూలితే చూస్తూ ఉండండి, పట్టుకోకండి. వాళ్ల కాలు వాళ్లకి దొరికే టైమివ్వండి.”

ఇది మాకు అన్నిటికంటే కష్టమైన వ్యాయామం. మడమలు ఎత్తడం ఎవరైనా నేర్చుకుంటారు. పక్క మనిషి తూలుతుంటే చేతులు దగ్గర పెట్టుకోవడం మా రక్తంలో లేదు. పసుపావిడైతే చేతులు కొంగులో చుట్టుకునేది. దరువు మాత్రం ఆ పిల్ల మానిపించలేదు. తాత దరువేస్తుంటే మేము మూరెడు దూరంలో, ఎవరికి వాళ్లం అడుగులేసేవాళ్లం. మా ఊరి దారి గురించి అడిగి తెలుసుకుని, నా కోసం ఇటుకలు పేర్చి గెడ్డ చేసింది. దాన్ని అందరూ దాటారు. “తడిసిపోతావు, సూసుకో,” అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్లం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. నేను పెరట్లో చదును రాళ్లు వేయించుకున్నాను. పొద్దునా సాయంత్రం వాటి మీద అటూ ఇటూ నడిచేదాన్ని. తోటికోడలు చోడి గింజలు చెరుగుతూ ఒక కన్ను నా మీద వేసి ఉంచేది. ఎదురుగా చూరుకు డోలీ. దాన్ని చూసినప్పుడల్లా ఇంకోసారి నడిచేదాన్ని.

వానలు వెళ్లి గెడ్డలో నీళ్లు తగ్గాయి. ఒక సంతరోజు పొద్దున మంచులో మరిదీ వాళ్లూ ఎప్పట్లాగే వచ్చి డోలీ దింపారు.

“ఎక్కు ఒదినా, బేగి. జీపు ఎల్లిపోద్ది.”

“మీరు మోసుకురండి. ఖాళీగా,” అన్నాను.

అతను నా మొహం చూశాడు. లోపలికెళ్లి నా కర్ర తెచ్చి చేతికిచ్చాడు.

దిగుడు కర్రతో దిగాను. వెనక ఖాళీ డోలీ ఊగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. గెడ్డ దగ్గరకు వచ్చేసరికి అవతలి గట్టున మా వ్యాయామం వాళ్లందరూ నిలబడి ఉన్నారు. వాళ్లంతా ఎక్కి వచ్చే జీపు రోడ్డు మీద ఆగితే, నేను నడిచొస్తున్నానని పైనుంచి చూసి, ఒకరి సాయంతో ఒకరు కిందికి దిగొచ్చారట. మొదటి రాళ్లు బాగానే దాటాను. నడిమధ్య రాయి మీద నాచు ఉంది. ఎడమ కాలు జారింది. ఒళ్లు ఒక పక్కకి ఒరిగిపోయింది.

పసుపావిడ నీళ్లలోకి అడుగేసింది. తాత ఆమె కొంగు పట్టుకుని ఆపాడు.

“ఒగ్గెయ్యే. ఆయమ్మే నిలబడతాది.”

వెనక ఖాళీ డోలీ ఊగే చప్పుడు ఆగిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. ఎడమకాలి మీద బరువు వేశాను. నమ్మాను. అది నిలబడింది. మిగిలిన రాళ్లు దాటి, ఎక్కుడు ఎక్కి, రోడ్డు మీద అడుగు పెట్టాను.

ఇక ముడులు. ఏడాది నా బరువు మోసి రాళ్లలా బిగిశాయి. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగుతుంటే ఎంతకీ రావు. ఊరికే హారన్ కొట్టే జీపు డ్రైవరు ఆ రోజు ఒక్కసారి కూడా కొట్టలేదు.

“పళ్లతో ఇప్పుతావేటి ఒదినా?”

ఆఖరి ముడి పళ్లతోనే విప్పాను. చేత్తోనే విప్పాలని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మరిది ఒట్టి బొంగు భుజాన పెట్టుకున్నాడు. “ఇంత తేలికేటి ఇది,” అంటూ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాకు గర్వంగా ఉంది. అతన్ని చూసి, గట్టు నుంచి నా వెనకే ఎక్కొచ్చినవాళ్లని చూసి, నన్ను చూసుకుని కూడా. దాచుకోవడం దేనికి?

జీపులో అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆరోగ్య కేంద్రం మెట్లెక్కగానే మాత్రం ఎవరికి వాళ్లు నోళ్లు కట్టేసుకున్నారు. ఫిజియో అమ్మాయి అటు తిరిగి కుర్చీలు సర్దుతోంది. తాత కర్రట్టుకుని వచ్చానన్నాడు. పసుపావిడ కోడలి బుజమట్టుకుని వచ్చానంది, అక్కడితో ఆపుకుంది.

“మీరెలా వచ్చారు మేడం?” అంది ఆ పిల్ల, వెనక్కి తిరగకుండానే.

మడతపెట్టిన దుప్పటి కుర్చీలో పెట్టాను.

“నడిచి వచ్చాను,” అన్నాను.

ఆమె చేతిలో కుర్చీ అలాగే ఆగిపోయింది. ఆఖరి బెంచీదాకా వినబడే నా క్లాసు గొంతుతో ఇంకోసారి చెప్పాను.

“నడిచి వచ్చాను.”