మీటరు మామ ఆడిన అబద్ధం

కార్ల వైరింగు పని చేసే మీటరు మామ బతుకులో ముప్పై ఏళ్ళు వెల్లకిలానే గడిచాయి. స్టీరింగు కింద తల దూర్చి, కాళ్ళు తలుపు బయట పెట్టి వైర్లు వెతకడమే పని. దూసుకుపోయే బండిని ఒక్కసారి తనే తోలాలన్న కోరిక కుర్రతనంలో పుట్టింది, చావలేదు. అలాంటి బళ్ళు తెచ్చే ఆసాములు తాళం చేతికివ్వరు. పక్కన కూర్చోబెట్టుకుంటారు, అదీ సీటు మీద పాతగుడ్డ పరిచి.

రిటైరైన లెక్కల టీచరమ్మ మాత్రం తాళం బల్ల మీద పెట్టేసింది. పాతికేళ్ళ నాటి రెండు తలుపుల ఎర్రకారు. స్టీరింగు ముందుండే ఇంజను, బ్రేకు, బ్యాటరీ హెచ్చరిక దీపాలు మూడూ ఒక్కసారే వెలుగుతాయి, కాసేపట్లో మాయమవుతాయి. ఇద్దరు మెకానిక్కులు సెన్సార్లు మార్చి చేతులెత్తేశారు. షెడ్డులో నిలబెడితే దీపాలు బుద్ధిగానే ఉంటాయని, తిప్పి చూడాల్సిందేనని మామ చెప్పాడు.

"నేను తోలితే దీపాలు చూస్తానా, రోడ్డు చూస్తానా? నువ్వే తిప్పు," అందామె.

మూడూ కలిసి వస్తున్నాయంటే మూడు జబ్బులు కావని, కరెంటు ఎక్కడో తెగి కలుస్తోందని మామకు ముందే తెలుసు. మొదటి రోజే గతుకుల రోడ్డు మీద దీపాలు వెలిగాయి. బండి ఆపి బ్యాటరీ కింద చూశాడు. ఎర్త్ వైరును బాడీకి పట్టి ఉంచే బోల్టు తుప్పు పట్టి వదులైంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. అదే గతుకుల్లో నాలుగుసార్లు తిప్పాడు. దీపం వెలిగితే ఒట్టు.

అక్కడితో బండి తిరిగిచ్చేయాలి. ఇవ్వలేదు. ఊరి బయట రోడ్డెక్కాడు. సాయంత్రం ఫోన్ చేసి, ఇంకా దొరకలేదన్నాడు. మర్నాడూ అదే మాట.

మూడో రోజు పొద్దున అద్దం ముందు నిలబడితే, "మన పెళ్ళికి కూడా ఇంతసేపు తల దువ్వుకోలేదు మీరు," అంది భార్య.

ఆ మధ్యాహ్నం టీచరమ్మే ఫోన్ చేసింది. జబ్బు తెలియని బండి తోలే ధైర్యం తనకు లేదని, కొంటానన్న మనిషిని రేపు రమ్మన్నానని చెప్పింది. అందరూ వద్దంటున్నా మొండికేసి కొనుక్కున్న బండి అది అని, అడక్కుండానే చెప్పింది.



"మేడమ్, అమ్మకండి. మొదటి రోజే దొరికింది. బోల్టు బిగించేశాను. ఈ మూడు రోజులూ ఊరికే తోలుకున్నాను."



"ఎంత స్పీడులో?"

"ఎనభై దాటలేదండీ."

"దానికింత అబద్ధమా," అంది.

గంటలో వచ్చింది. టార్చి వేయించుకుని బోల్టు తనే కదిపి చూసింది. కొంటానన్న మనిషికి అక్కడినుంచే ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తాళం తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీటు ఖాళీ. ఎక్కమంటుందేమోనని మామ తలుపు దగ్గరే నిలబడ్డాడు. అనలేదు.

ఎర్రకారు సందు దాటి పెద్దరోడ్డెక్కింది. షెడ్డులో హారను మోగని స్కూటరు ఎదురుచూస్తోంది. ఇంజను చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా మామ లోపలికి వెళ్ళలేదు.