జోర్ అనే మాట

మా చిన్నాయన పహిల్వాన్. అమీర్‌పేటలో మా ఇంటి వెనక గోడకు అవతలే ఆయన తాలీం, అంటే కుస్తీ నేర్పే చోటు. ఆడవాళ్లం అందులో అడుగు పెట్టేవాళ్లం కాదు. పొద్దున్నే గోడ మీదుగా మనుషులు పడ్డ చప్పుళ్లూ, "జోర్ చెయ్, జోర్ చెయ్" అనే కేకలూ వినబడేవి. కుస్తీ గురించి నాకు తెలిసింది అంతే. అంతమాత్రానికే దాని మీద ఉపన్యాసం ఇవ్వడానికి సిద్ధపడ్డాను. కాలేజీలో చదువుతున్నాను మరి.

నలభైల నాటి సంగతి. పంజాగుట్టలో ఒక సంఘం వాళ్లు చర్చ పెట్టారు: కుస్తీ కళా, మొరటు బలమా? నేను మొరటు బలం పక్షం తీసుకున్నాను. తమ మైదానంలో చిన్నాయన శిష్యులను ఆడనివ్వాలా వద్దా అని ఆ సంఘం అప్పుడే ఆలోచిస్తోంది. అది నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. చిన్నాయన ఇస్త్రీ షేర్వానీ వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు.

"వాళ్ల మాటే సాక్ష్యం," అన్నాను. "సాధనను వాళ్లు జోర్ అంటారు. జోర్ అంటే బలం. ఏ కళాకారుడైనా తన సాధనను బలం అంటాడా? ఎద్దు అంటుందేమో."

అందరూ నవ్వారు. నేను గెలిచాను.

ఇంటికి నడిచి వస్తుంటే చిన్నాయన అన్నాడు: "మస్తు మాట్లాడినవ్ బిడ్డా. గని గా జోర్ సంగతి గట్ల గాదు. జోర్ చేసుడంటే కొట్టుకునుడు గాదు. నేర్చినోడు నేర్వనోనికి తన ఒళ్లిచ్చి నేర్పుతడు. కావాలని పడ్తడు. నేను దినాం ఇరవై సార్లు పడ్త."

సరే అంటే నా సొమ్మేం పోయేది? "అదెట్ల చిన్నాయనా, నిఘంటువు తీసి చూపిస్త" అన్నాను. ఇల్లు చేరేదాకా వదలలేదు.

"గెలిచినవ్ గద," అన్నాడు చివరికి, నవ్వుతూనే. "ఎదుటోని వీపు నేలకు ఆనినంక మేమైతే వాని మీదికెల్లి లేస్తం."

వారం తిరగకుండానే సంఘం నుంచి ఒకాయన వచ్చాడు. మైదానం ఇవ్వడం కుదరదట. "మమ్ముల అంటవేంది పహిల్వాన్? గది ఒట్టి ఎద్దు బలమని మీ ఇంటి పిల్లనే చెప్పింది గద."

నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి, తెలియక అన్నానని ఒక్క మాట చెప్పవచ్చు. నా నోటికి వాడకట్టంతా భయపడేది. ఆ పూట అది పెగల్లేదు.

చిన్నాయన ఆయనను కూర్చోమని కుర్చీ జరిపాడు. తర్వాత, "నిజమే ఉండొచ్చు భాయ్," అన్నాడు. "చదువుకున్న బిడ్డ. మాకేం ఎరుక?"

అది ఎత్తిపొడుపైతే ఎదురు జవాబు చెప్పి ఉండేదాన్ని. ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు.