నడుము మీద మూడు తన్నులు

"నీ కాలు నా వాకిట్లో పడితే ఇరగ్గొడతా, చూస్కో!"

"నీ వాకిట్లో పడేంత కర్మ నా కాలికి పట్టలేదులే అక్కా!"

నాకూ, మా తోడికోడలు ఓబుళమ్మకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. బోరింగు దగ్గర ఎవరి బిందె ముందు పెట్టాలన్న దాని మీద వచ్చిన తగువు. ఆ తర్వాత ఆరేళ్ళు మాకు మాటల్లేవు. రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. ఆమె తుమ్మితే నా ఇంట్లో పిల్లి లేచేది, అయినా మాటల్లేవు.

ఆ కాలినే నేను బతిమాలి నా వాకిట్లోకి పిలిపించుకున్నాను. నా నడుము మీద మూడు తన్నులు తన్నించుకున్నాను. దాంతో గోడకు పిడకలా మంచానికి అతుక్కుపోయాను. ఆ నిర్వాకం చెబుతాను వినండి. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం నవ్వలేను. గట్టిగా నవ్వితే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది.

చెప్పేది నేను, రాసేది మా అన్న కూతురు సరోజ. అక్షరాల తప్పులుంటే ఆమెవి. మిగతా తప్పులన్నీ నావే.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళయింది. నాకు మిగిలింది నాలుగెకరాల ఎర్రనేల. మా అనంతపురం వైపు వాన కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, వచ్చినా పూట కంటే నిలవదు. ఆ తడి ఆరకముందే వేరుశనగ విత్తేయాలి. ఎద్దులు గొర్రు లాగుతుంటే ఒక ఆడమనిషి వెనకాలే నడుస్తూ గింజలు వదలాలి. నా చేలో ఆ మనిషిని నేనే. కూలికి పిలుద్దామన్నా దొరకరు. ఆ రోజు ఊళ్ళో ప్రతి ఆడమనిషీ తన చేలోనే ఉంటుంది. నా కాళ్ళు నడవకపోతే ఆ ఏడాది నా నేల బీడే.

విత్తనానికి కాయలు చేత్తోనే ఒలవాలి. మిషన్లో వేస్తే గింజ పగిలిపోతుంది. ఎడమకాలు మడిచి పెట్టుకొని, పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా ఒలిచేదాన్ని. వారం రోజులు ఒలిచాను. ఎనిమిదో రోజు నేను లేచాను కానీ, నా ఎడమకాలు లేవలేదు. ముందు చీమలు పాకినట్టుండేది. తర్వాత ఆ చీమలు కూడా పోయాయి. పిర్ర నుంచి మడమ దాకా ఒకటే లాగుడు, పాదమేమో మొద్దు.

ఒకరోజు చేను నుంచి వస్తుంటే పక్కింటి బీబమ్మ ఆపింది.

"ఏమక్కా, ఒంటి చెప్పుతో యాడికి పోతాండావు?"

"రెండూ ఉండాయి కదమ్మే," అన్నాను, కిందికి చూడకుండానే.

చూస్తే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆ కాలికే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది?

అనంతపురం పోయి డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టాడు.

"బొటనవేలు పైకి లేపమ్మా."

"లేపినా సార్."

"లేవలేదమ్మా."

"లేపినా సార్, ఇంగొకతూరి బాగా చూడండి."

ఆయన ఇంకోసారి చూశాడు, నేనూ తలెత్తి చూశాను. వేలు హాయిగా పడుకొని ఉంది. నాకంటే అదే నయం అనిపించింది.

"నడుములో పూసల మధ్య నరం నొక్కుకుంది. సయాటికా అంటారు. మూడు వారాలు పడుకో. బరువులెత్తొద్దు, కింద కూర్చోవద్దు."

"అంతలోపల వానొస్తే సార్?"

"రానీ. నువ్వు మాత్రం లేవద్దు. ఇంకో మాట, తొక్కించుకోవడం, తన్నించుకోవడం లాంటివి పెట్టుకున్నావంటే కాలు చచ్చుబడిపోతుంది."

"నేనేమన్నా పిచ్చిదాన్నా సార్?" అన్నాను, చాలా గౌరవంగా.

అది శుక్రవారం. ఆదివారానికల్లా పిచ్చిదాన్నయ్యాను.

ఏం చేయమంటారు? రోజూ సాయంత్రం పడమటి దిక్కున మబ్బు కమ్ముతోంది. మంచం మీద పడుకొని ఆ మబ్బును చూడడం ఎంత నరకమో, ఎకరం నేల ఉన్నవాళ్ళనెవరినైనా అడగండి. ఇంతలో బీబమ్మ వచ్చి చెవిలో ఊదింది.

"ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళ చేత పరగడుపున మూడు తన్నులు తన్నించుకోక్కా. ఎట్లాంటి నడుమైనా సర్దుకుంటాది."

మా ఊళ్ళో తల ముందు కాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టిన మనిషి ఒక్కతే. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆ సంగతి చెప్పుకుంటూ తిరిగింది. ఎవరి నడుము పట్టినా ఆమె గడప దగ్గరే నిలబడేవాళ్ళు. ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే బీబమ్మ ఓబుళమ్మను నా వాకిట్లోకి తెచ్చింది. ఇద్దరం మూడడుగుల దూరంలో నిలబడ్డాం. ఆమె మా చూరును చూస్తోంది, నేను ఆమె వెనకున్న బర్రెను చూస్తున్నాను.

"బీబమ్మా, మెల్లగా తన్నమని చెప్పు," అన్నాను నేను.

"బీబమ్మా, మెల్లగా తన్నితే పని చేయదని చెప్పు," అంది ఆమె.

"బీబమ్మా, ఆమెకు కోపముంటే ఇప్పుడు చూపించొద్దని చెప్పు."

"బీబమ్మా, నాకేమీ కోపం లేదు, ఉండేది ఆమెకేనని చెప్పు."

"ఇద్దరికీ చెవులుండాయి కదా, నడమ నాకెందుకీ మోత?" అని బీబమ్మ విసుక్కుంది. "తన్నేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు, అది మాత్రం ఇనుకోండి."

ఆ నియమం మేము ఆరేళ్ళుగా పాటిస్తూనే ఉన్నాం.

గోడకు చేతులు ఆనించి వంగాను. మొదటి తన్ను పిల్లి తోకతో తాకినట్టుంది. రెండోది చాకిరేవులో గుడ్డ ఉతికినట్టుంది. మూడో తన్నులో బోరింగుంది, బిందె ఉంది, ఆరేళ్ళ పగ ఉంది. గోడ పైకి పోయింది, నేను కిందికి పోయాను. నోటి నిండా మన్ను.

మొదట నోరు విప్పింది ఓబుళమ్మే.

"అక్కా! కాలు కదిలిస్తాండావా?"

"కదిలించడం తర్వాత. ముందు ఆడ కాలుండాదో లేదో చూసి చెప్పుమే!"

"అయ్యో దేవుడా, అక్కను సంపేసినా!" అని ఆమె ఎత్తుకున్న రాగానికి వీధి వీధంతా వచ్చింది. మా మరిది ఆటో పిలిచాడు. వెనకసీటులో నన్ను బోర్లా వేశారు. పోయినంత దూరం ఓబుళమ్మ నా తల ఒళ్ళో పెట్టుకొని ఏడ్చింది. ఆరేళ్ళ మాటలన్నీ ఒక్క ఆటోలో మాట్లాడేసింది.

డాక్టరు నన్ను గుర్తుపట్టాడు.

"ఏం చేశావమ్మా?"

"జారి పడినా సార్."

"అబద్ధం సార్," అంది ఓబుళమ్మ. "నేనే తన్నినా. మూడుతూర్లు."

"ఎందుకు తన్నావు?"

"ఆమే తన్నమనె సార్."

ఆయన నా పాత చీటీ తీసుకొని, 'మూడు వారాలు' అన్నది కొట్టేశాడు.

ఈసారి నెలన్నర పడుకోబెట్టారు. పన్నెండో రోజు వాన వచ్చింది. రేకుల మీద చినుకుల చప్పుడు వింటూ గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన పోయిన రోజు ఏడవడానికి కూడా నాకు తీరిక లేదు, ఇంటి నిండా జనం. వాన వచ్చిన రోజు తీరిక దొరికింది.

మర్నాడు సాయంత్రం ఓబుళమ్మ వచ్చి మంచం కోడు దగ్గర కూలబడింది. మోకాళ్ళ దాకా ఎర్రమన్ను.

"నీ నాలుగెకరాలూ ఇత్తేసొచ్చినాక్కా. మాది రేపు చూసుకుంటాం, తడి ఉంటే."

ఆమె చెయ్యి పట్టుకొని, "ఎదురుకాళ్ళతో పుట్టిన కాళ్ళు కదమ్మే, పంట బాగా వస్తాదిలే," అన్నాను.

ఆమె తల వంచుకుంది. "నేను ఎదురుకాళ్ళతో పుట్టలేదక్కా. అందరి మాదిరి తలకాయతోనే పుట్టినా. పెండ్లయిన కొత్తలో అత్త నాతోనే పేడంతా ఎత్తిస్తాండె కదా, కాలికి మర్యాద ఇస్తారని ఒక మాట అనేసినా. ఊరంతా నమ్మె."

"నన్ను తన్నకముందు చెప్పొచ్చు కదే, పాపిష్టిదానా!"

"ఎట్ల చెప్పేది?" అంది ఓబుళమ్మ అమాయకంగా. "మనకు మాటల్లేవు కదక్కా!"

నా ఎడమపాదం అంచు ఇప్పటికీ మొద్దే. వేలు మాత్రం లేస్తుంది, బుద్ధి పుట్టినప్పుడు. నేలతల్లి మీద చెయ్యి వేసి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ నడుము మీద మనిషి కాలు గానీ, దేవుడి కాలు గానీ పడనివ్వను. మరీ తప్పని రోజు వస్తే, తన్నేవాళ్ళతో ముందుగా మాటలు కలుపుకుంటాను.

సరోజా, రాయడం అయిందా? ఎందుకే అట్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఊగుతున్నావు? ఉండు, కాలు చాపుకోనీ. ఆ, ఇప్పుడు మొదటి నుంచి చదువు, వింటాను.