ముద్దాయిగారి ఒప్పుకోలు

ఆ ఆఫీసులో ఏది చెడిపోయినా, ఎవరూ అడగకముందే తప్పు తనదేనని ఒప్పుకునే మనిషి ఒకాయన ఉండేవాడు. లిఫ్ట్ ఆగిపోతే "నేనే ఏదో చేసుంటాను" అనేవాడు. పైకప్పు కారితే, నిన్న తాను ఆ మూల నిలబడిన మాట నిజమేనని గుర్తు చేసుకునేవాడు. ఆయన ఉద్యోగంలో చేరడానికి రెండేళ్ల ముందు పోయిన ఫైళ్ల మీద విచారణ జరిగితే, అందులోనూ పట్టుబట్టి పేరు రాయించుకున్నాడు. అందరూ ఆయన్ని ముద్దాయిగారు అనేవారు. ఆయన పలికేవాడు కూడా.

అయిదు నెలల కిందట చేరిన అమ్మాయికి ఆయన్ని చూస్తే మొదట్లో నవ్వు వచ్చేది, తర్వాత విసుగు వచ్చింది. అప్పటికి అక్కడ నవ్వే ఓపిక ఎవరికీ లేదు. సగం మందిని తీసేశారు. ఖాళీ బల్లల వైపు లైట్లు వేయడం మానేశారు. బయట వారం రోజులుగా ముసురు. ఆమె అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతపడింది, ఇక్కడ ఆరు నెలల పరీక్షా కాలం ఇంకా గడవలేదు. ఉంటున్నది అక్క ఇంట్లో. బావగారు మంచివాడే గానీ, "ఆఫీసులో అంతా బాగానే ఉందా?" అని రోజూ అడిగేవాడు. ఆ ప్రశ్నకే ఆమెకు అన్నం సహించేది కాదు.

వాళ్లు తయారు చేసేది ఆసుపత్రుల్లో రోగులను నంబరు ప్రకారం పిలిచే సాఫ్ట్‌వేర్. ఎవరైనా కోడ్ మార్చి పెట్టగానే మెషిన్‌కి ఒక సంకేతం వెళుతుంది, దాన్నే ట్రిగ్గర్ అంటారు. అది అందితే మెషిన్ తనంతట తానే లేచి, మార్పులన్నీ కలిపి, పరీక్షించి, కొత్త బిల్డ్, అంటే ఆసుపత్రికి పంపే తాజా ప్రతి, తయారు చేస్తుంది. బాగుంటే గోడ మీది స్క్రీన్ పచ్చగా, లేకపోతే ఎర్రగా కనిపిస్తుంది. సోమవారం ఆ ట్రిగ్గర్ ఆగిపోయింది. ఏదీ నడవలేదు కాబట్టి ఏదీ ఫెయిల్ కాలేదు. పాత పచ్చదనమే స్క్రీన్ మీద నిలిచిపోతే, తమ పని అంత బాగా సాగుతోందని మూడు రోజులు అందరూ మురిసిపోయారు. గురువారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. సరిచేసి పంపామన్న తప్పు అలాగే ఉందట, ఒకే నంబరుకు ఇద్దరేసి రోగులు లేచి వస్తున్నారట.

ఇది ఎవరి పనో మూడు గంటలకల్లా తేలాలన్నాడు మేనేజరు. తేలితే ఆ మనిషిని ఉంచననీ చెప్పాడు.

"నేనే చేసుంటాను సార్" అన్నాడు ముద్దాయిగారు.

"సోమవారం మీరు సెలవు."

"సెలవు మీద వెళ్లే తొందరలో ఏదో చేసుంటాను."

మేనేజరు తల పట్టుకుని, ఆ అమ్మాయిని ఆయనకు తోడుగా కూర్చుని వెతకమన్నాడు.

ఆయన వెతికే తీరు నిదానం. ముందు మెషిన్‌ని చేత్తో నడిపించాడు, బిల్డ్ లక్షణంగా వచ్చింది. అంటే మెషిన్ మంచిదే, లేపేవాళ్లే లేరు. సంకేతం బయలుదేరుతోందా అని చూశాడు. బయలుదేరుతోంది, కానీ దానితో వచ్చే తాళంచెవి, అంటే ఒకరి ఖాతా మీద ఇచ్చే ప్రవేశ సంకేతం, చెల్లదని మెషిన్ గుమ్మం దగ్గరే తిప్పి పంపేస్తోంది. ఆ మాట చదవగానే అమ్మాయికి విషయం అర్థమైంది. మానేసినవాళ్ల ఖాతాలు తీసేయమంటే సోమవారం తీసేసింది తానే. వాటిలో ఒకరి తాళంచెవి మీదే ట్రిగ్గర్ ఇన్నాళ్లూ నడిచింది. చెప్పాలనుకుంది. బావగారి ప్రశ్న గుర్తొచ్చి మానేసింది. అరగంట సేపు పక్కనే కూర్చుని, ఏమీ తెలియనట్టు తల ఊపింది.

ఆయన మార్పుల చిట్టా తెరిచాడు. సోమవారం, పదకొండు గంటలు, ఆమె పేరు. ఆయన ఆగకుండా కిందికి జరిపేశాడు.

"చూశారు కదా" అంది ఆమె మెల్లగా.

"పొద్దున్నే చూశానమ్మా."

"మరి చెప్పలేదేం?"

"పేరు దొరికితే అందరూ వెతకడం మానేస్తారు. నిన్ను పంపించేస్తారు, ట్రిగ్గర్ మళ్లీ ఇంకో మనిషి తాళంచెవికే తగిలిస్తారు. అందుకే ముందు నా పేరు పడేస్తాను. వాళ్లు నన్ను తిట్టుకునేలోపు కారణం వెతుక్కోవచ్చు."

ఇన్నాళ్లూ ఈయన్నా తాను పిచ్చివాడనుకున్నది అని ఆమెకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

మూడు గంటలకు మేనేజరు అందరినీ పిలవగానే ముద్దాయిగారు అలవాటుగా చెయ్యెత్తాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె లేచింది.

"ఆయన కాదు సార్. ఖాతాలు తీసేసింది నేను. ఏ ఖాతా మీద ఏం నడుస్తోందో చూసుకోలేదు. తెలిశాక కూడా అరగంట దాచాను."

ఖాతాలు తీసేయమన్న కాగితం మీద సంతకం తనదేనని మేనేజరుకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించి, ఆఫీసు ట్రిగ్గర్‌ని ఒక మనిషి సొంత తాళంచెవికి అసలు ఎవరు తగిలించారని అడిగాడు.

"అది నేనే సార్" అన్నాడు ముద్దాయిగారు. "పదకొండేళ్ల కిందట. మరిచేపోయాను, ఇవాళ చిట్టాలో చూసుకున్నాను."

ఎవరూ తల కూడా ఎత్తలేదు. కూర్చోండి సార్, ఇది వేళాకోళానికి సమయం కాదన్నాడు మేనేజరు. నిజంగా నేనేనని ఆయన ఇంకో రెండుసార్లు మొత్తుకున్నాడు. పక్కనున్నాయన జాలిగా భుజం తట్టాడు. ముద్దాయిగారి ముఖం మొదటిసారి పాలిపోయింది. చివరికి ఆ అమ్మాయే చిట్టాలో అట్టడుగు వరస తెరిచి, తేదీతో సహా మేనేజరు ముందు పెట్టింది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. పదకొండేళ్లుగా పొంచి ఉన్న తప్పుకి అయిదు నెలల ఉద్యోగిని పంపించడం కుదరదని చెప్పాడు. సాయంత్రంలోగా ఇద్దరూ కలిసి దాన్ని ఏ మనిషి పేరూ లేని ఆఫీసు ఖాతాకి మార్చమన్నాడు.

బల్ల దగ్గరికి వచ్చాక కూడా ముద్దాయిగారు తేరుకోలేదు. "ఇన్నేళ్లకు నిజంగా దొరికానమ్మా. ఒక్కడూ తిట్టలేదు" అన్నాడు దిగులుగా.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంత పెద్ద మనిషి అయ్యుండి ఆ పని ఎలా చేశారని మొదలుపెట్టి, రెండు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా తిట్టింది. ఆయన ముఖం మెల్లగా తేటపడింది. పూర్తిగా విని, చాలా థాంక్సమ్మా అని, కొత్త ఖాతా తెరవడానికి కూర్చున్నాడు.